విరిగిన రెక్క సంగతి

కమలాపురం,
12-2-1955

సుంకన్నా,

మీ అక్క మొగుడు ఓబులేసు రాస్తున్నాడు. ఇక్కడ అందరం కులాసా. మీ అక్క రామేశ్వరమ్మ నన్ను తిట్టే ఊపు చూస్తే ఆమె మా అందరికంటే కులాసాగా ఉంది.

మొన్న నువ్వు వచ్చినప్పుడు ఒక మాట అని వెళ్లావు. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు. మీ థార్న్‌బీ కంపెనీ ఆయిలింజన్లు, పంపులు అమ్ముకోవడమే కాకుండా, బీద దేశాల్లో నీళ్లు తోడే కొత్త పద్ధతులు కనిపెట్టేవాళ్ల కోసం లండన్‌లో ఒక నిధి పెట్టిందన్నావు. ఆ నిధి నాకెందుకు రాకూడదు?

మా పొలం బావి మీద నేను కట్టిన గాలిమర నువ్వు చూసిందే. బడిలో పిల్లలకు వడ్రంగం నేర్పే మాస్టరును, చేతికి తెలిసిన పని చేశాను. నాలుగు కొయ్య రెక్కలు, వాటికి గుడ్డ, కింద పాత పంపు. పోయిన ఆషాఢంలో ఎద్దులు లేకుండానే నీళ్లొచ్చి జొన్నచేను తడిసింది. ఊరంతా వచ్చి చూశారు. పక్క పొలం గిడ్డయ్య మామ చాలాసేపు తల పైకెత్తి చూసి, "ఏమప్పా ఓబులేసూ, తిరుగుతాండాది సరే. గాలి నిలిస్తే నువ్వెక్కి తిప్పుతావా?" అన్నాడు. అప్పటినుంచి నన్ను గాలి మాస్టరంటున్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఏ గాలికి ఎంత రెక్క కావాలి, ఏ గుడ్డ నిలుస్తుంది, ఏడాదిలో ఎన్నాళ్లు పనికొస్తుంది, ఇవి తేలాలంటే మూడు తీర్లలో మూడు మరలు కట్టి ఏడాది పొడుగునా చూడాలి. అది బడిపంతులు జీతంతో అయ్యే పని కాదు. అభివృద్ధి ఆఫీసుకు పోతే, బావి తవ్వుకుంటే అప్పిస్తాం గానీ పరిశోధనకు మా దగ్గర పద్దు లేదన్నారు. కాబట్టి మీ దొర చెవిన ఒక్క మాట వెయ్యి.

నీ జవాబు కోసం చూసే
ఓబులేసు


కర్నూలు,
1-3-1955

బావకు నమస్కారం, అక్కకు ముందుగా.

నేను బాగున్నాను. రాజధాని వచ్చి ఏడాదిన్నరవుతున్నా సగం ఆఫీసులు ఇంకా గుడారాల్లోనే ఉన్నాయి. గాలి కొడితే ప్రభుత్వం కాగితాలు తుంగభద్ర దాకా ఎగిరిపోతాయి. మా కంపెనీ మాత్రం బుద్ధిగా ఒక పాత మేడను అద్దెకు తీసుకుంది.

ఒక్క మాటతో అయ్యే పని కాదు బావా. కంపెనీవాళ్లు దుడ్లు ఊరికే ఇవ్వరు. సూడాన్ వంటి దేశాల్లో ఆయిల్ దొరకని పల్లెలకు వాళ్ల ఇంజన్ పోదు. గాలికి తిరిగే మర ఏదైనా ఉంటే దాని కింద వాళ్ల పంపు అమ్ముకోవచ్చు. ఆ మర ఊరి వడ్రంగి చేసి ఊరి వడ్రంగే బాగుచేసుకునేట్టు ఉండాలి. వాళ్ల అవసరం అది. నీ దగ్గరున్నదీ అదే. అందుకని సాయం చేయండని రాయొద్దు. నీకు ఏం తెలుసు, ఏం తెలియదు, తెలుసుకోవడానికి ఏం చేస్తావు, ఇంతే రాయి. తెలుగులో రాసి మా మేనేజరు వరదాచారి గారి పేరుకు పంపు. ఇంగ్లీషు చేసే పని ఆఫీసులో నాదే.

ఒక్క సంగతి. ఆ కాగితంలో నా పేరు గానీ మన చుట్టరికం గానీ రానివ్వొద్దు. పనిమీద కర్నూలు వచ్చినా ఆఫీసులో నన్ను పలకరించొద్దు. ఎందుకని ఇప్పుడు అడగొద్దు.

నీ బావమరిది
సుంకన్న


కమలాపురం,
19-3-1955

థార్న్‌బీ కంపెనీ గుమాస్తా గారి సముఖానికి,

తమ ఆజ్ఞ ప్రకారం కాగితం మేనేజరుకు పంపాను. అందులో తమ పేరు లేదు. మా పెళ్లిలో ఊరేగింపు పొడుగునా నా భుజాల మీద కూర్చుని వచ్చిన పిల్లవాడొకడు ఉండేవాడు, అతని పేరు కూడా రాయలేదు. మేడ మెట్లెక్కినవాళ్లకు నా మోకాటి పంచె చిన్నతనంగా ఉంటుందని ఇన్నాళ్లూ నాకు తోచలేదు.

కాగితం బాగా వచ్చింది. ఈ గాలిమరతో రాయలసీమ కరువు శాశ్వతంగా పోతుందని, నిధి ఇచ్చిన కంపెనీ పేరు మా మనవళ్లు కూడా తలుచుకుంటారని రాశాను. హెడ్మాస్టరు చదివి మెచ్చుకున్నాడు.

ఇట్లు
ఓబులేసు, వడ్రంగం మాస్టరు

కింద మాటలు మీ అక్క చెబుతుంటే రాస్తున్నవి:

అబ్బీ, నేను చెప్తాండా, మీ బావ మొగం మాడ్చుకోని రాస్తాండాడు. నీ జాబు వచ్చినకాడ్నుంచి ఈయప్ప ఎవురితోనూ సరిగా మాట్లాడ్లేదు. నీ పేరు రాయొద్దన్నావంట, ఏముండాదో నీ మనసులో, నాకన్నా చెప్పు. యాళకు తింటాండావా? ఆ గుడారాల్లో యాడ తింటావో ఏమో.


కర్నూలు,
10-4-1955

బావా,

కోపం తగ్గాక చదువుతావని రాస్తున్నాను. ముందు అక్కకు చెప్పు, భోజనానికి లోటు లేదు, ఆదోని నుంచి వచ్చిన ఒకామె పూటకూళ్లిల్లు పెట్టింది, జొన్నరొట్టె బాగుంటుంది.

నీ కాగితం ఒక్క అక్షరం తగ్గించకుండా ఇంగ్లీషు చేశాను. కరువు శాశ్వతంగా పోతుందన్న చోట వరదాచారి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంత మంచి యంత్రమైతే ఇంక పరిశోధన ఎందుకు?" అన్నారు. నువ్వు రాసిన తీరులో ఇంక తెలుసుకోవలసింది ఏమీ మిగల్లేదు.

అందుకని ఆయన నీకు కొన్ని ప్రశ్నలు రాస్తున్నారు. ఇది ఎప్పుడైనా చెడిందా, చెడితే ఎక్కడ చెడింది అన్నది వాటిలో ఒకటి. అందరినీ అడిగే ప్రశ్నే అది. పోయిన శ్రావణంలో పెద్దగాలికి రెక్క విరిగిన సంగతి అక్క నాకు చెప్పింది. నువ్వు కాగితంలో రాయలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి బావా. నా మాట విను.

సుంకన్న


కమలాపురం,
28-4-1955

సుంకన్నా,

ప్రశ్నలు వచ్చాయి. రెక్క సంగతి మేనేజరుకు నువ్వు మోయకపోతే ఆ ప్రశ్న ఎందుకు పుడుతుంది? అందరినీ అడుగుతారని నాకు నచ్చజెప్పొద్దు. సంబంధం అడగబోయినవాడు పిల్లకు మెల్లకన్నని తానే చాటుతాడా?

చిన్నచిన్న మరమ్మతులు తప్ప మర ఎన్నడూ చెడలేదని జవాబు రాశాను. అదీ ఇంగ్లీషు చేసుకో.

ఓబులేసు


కర్నూలు,
20-6-1955

బావా,

నీ జవాబు కూడా ఉన్నది ఉన్నట్టే ఇంగ్లీషు చేశాను. లండన్ నుంచి కోల్‌మన్ అనే దొర వచ్చాడు. ఇలాంటి మరలు చూడ్డానికే దేశాలు తిరుగుతున్నాడు. వచ్చే నెల మొదటి వారంలో వరదాచారి గారితో కమలాపురం వస్తాడు. నేను రావడం లేదు.

గాలి బాగుండే రోజులు. అంతా మంచే జరుగుతుంది.

సుంకన్న


కమలాపురం,
9-7-1955

సుంకన్నా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాళ్లు పొద్దున్నే కారులో వచ్చారు. ఆషాఢం వచ్చినప్పటినుంచి చెవులు చిల్లులు పడేట్టు కొట్టిన గాలి ఆ రోజు చచ్చిపోయింది. ఒక్క ఆకు కదలదు. మర తలకాయ వేలాడేసుకుని నిలబడింది. దొర చాలా పొడుగు మనిషి, మాట మెత్తన. కానుగచెట్టు కింద మంచం వేసి కూర్చోబెట్టాం. గిడ్డయ్య మామ సహా ఊరు ఊరంతా చుట్టూ చేరింది. మీ అక్క రొట్టెలు, ఊరిబిండి పచ్చడి పెట్టి, బనగానపల్లె నుంచి తెప్పించిన మామిడిపండ్లు కోసిచ్చింది. దొర ఊరిబిండి నోట్లో వేసుకుని కారానికి కళ్లు మూసుకున్నాడు గానీ వద్దనలేదు.

తర్వాత నన్ను అడిగాడు, ఇది ఎప్పుడైనా విరిగిందా అని. వరదాచారి గారు తెలుగులో చెప్పారు. అంతమంది ముందు నేను లేదన్నాను.

మీ అక్క మజ్జిగ పోస్తూ ఉంది. చెంబు కింద పెట్టి, "ఇరగకేమప్పా. పోయిన శ్రావణంలో రెక్క ఇరిగి పోయి మా బర్రె పక్కన పడె. ఇంగ రొంత ఇవతల పడింటే బర్రె పోయుండు. ఆ రెక్కే ఇప్పుడు మా కోళ్లగూటికి తలుపు" అంది.

నాకు భూమి చీలితే దూరిపోదామనిపించింది. వరదాచారి గారు నవ్వు ఆపుకుంటూ ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పారు. దొర లేచి కోళ్లగూడు ఎక్కడుందని అడిగాడు. మంచి ప్యాంటుతో పేడలో మోకాళ్లూని ఆ తలుపు ఊడదీశాడు. కోళ్లన్నీ బయటపడి పిల్లలు వాటివెంట పరుగులు. ఆయన ఇవేవీ పట్టించుకోకుండా విరిగిన కొయ్యను ఎండలో తిప్పి తిప్పి చూశాడు, బొమ్మ గీసుకున్నాడు, నన్నూ మా వడ్రంగి ఏసేపునూ కూర్చోబెట్టి ఆనాటి గాలి ఏ వైపునుంచి వచ్చింది, మొదట ఏ చప్పుడైంది అని అడిగాడు. ఏసేపు చెప్పాడు, నేనూ చెప్పాను. చెప్పేకొద్దీ నాకు తెలియకుండానే సిగ్గు పోయింది.

చివరికి దొర అన్నాడు: "ఎన్నడూ విరగలేదని చెప్పే మరలు ఇప్పటికి చాలా చూశాను. వాటితో నేనేం చేసుకోను? ఎక్కడ విరుగుతుందో తెలిసినప్పుడే కదా పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది."

మధ్యాహ్నం తిరిగాక గాలి లేచింది. మర తిరిగింది. దొర కాలవలో చెయ్యి పెట్టి నీళ్లు ముఖాన చల్లుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. కారెక్కబోతూ వరదాచారి గారు నన్ను పక్కకు పిలిచి, "మీ బావమరిది నిక్కమైన మనిషి. మీ కాగితం వచ్చే ముందే నా గదికి వచ్చి, రాబోయే కాగితం మా అక్క మొగుడిది, తర్జుమాకు వేరేవాళ్లను పెట్టండి అన్నాడు. నాకు వేరే మనిషి లేడు. అందుకే తీర్పు మద్రాసులోని మా పై ఆఫీసుకు వదిలేశాను. చుట్టరికం బయటికి పొక్కితే కాగితం పక్కన పెట్టేస్తానని, మీతో కూడా చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. రెక్క సంగతి అతను నాతో అనలేదు" అన్నారు.

సుంకన్నా, నేను నిన్ను ఎన్ని మాటలన్నాను. అవన్నీ రాసిన చెయ్యి ఇదే కాబట్టి ఈ చేత్తోనే రాస్తున్నాను, తప్పు నాది. మనసులో పెట్టుకోకు.

నీ బావ
ఓబులేసు

అబ్బీ, నేను అంటి గదా మీ బావతో, మా తమ్ముడు అట్లాటోడు గాదని. దొర ముందర నేను ఆ మాట అంటిని, నీ పనికేమన్నా చెరుపయితాదా? కాకుంటే సరే. దొర మా కోళ్లగూటి తలుపు ఎత్తుకపాయె. నిన్న పిల్లి ఒక కోడిని తినె.


కర్నూలు,
4-10-1955

బావా, అక్కా,

మీ ఉత్తరం వచ్చిన రోజు పూటకూళ్లింట్లో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుతుంటే పూటకూళ్లామె నాకు గాలి సోకిందనుకుంది. మనసులో పెట్టుకోవడానికేమీ లేదు. నేను చెప్పకపోవడానికి ఒట్టు ఒక్కటే కారణం కాదు బావా. నీ నోట్లో నువ్వుగింజ నానదు. నీకు చెబితే తెల్లారేసరికి గిడ్డయ్య మామకు తెలుస్తుంది.

మద్రాసు నుంచి జవాబు వచ్చింది. కంపెనీ ఒప్పుకుంది. మూడు మరలకు, ఏడాది పరిశోధనకు ఖర్చు వాళ్లది. ఏసేపు కూలి కూడా అందులోనే. తీర్పయిపోయింది కాబట్టి నీకు చుట్టంగా సలహా చెప్పొచ్చని వరదాచారి గారు సెలవిచ్చారు.

అయితే ఒప్పందంలో ఒక షరతు ఉంది. పరిశోధన ముగిసి కంపెనీ సరేననేదాకా ఈ నమూనా మర ఇంకెవరికీ కట్టివ్వకూడదు, ఎవరికీ చూపకూడదు. నీకిది నచ్చదని తెలుసు. తొందరపడి కాగితం విసిరికొట్టొద్దు. కాదనాలనుకుంటే వాళ్లకు తెలిసే భాషలో కాదను. వాళ్లు అమ్మేది పంపు. మరలు ఎన్ని లేస్తే పంపులు అన్ని అమ్ముడుపోతాయి. ఆలోచించుకుని రాయి.

నీ
సుంకన్న


కమలాపురం,
16-10-1955

సుంకన్నా,

మొదట ఎగిరి గంతేశాను, తర్వాత షరతు చదివి కూలబడ్డాను.

గిడ్డయ్య మామ ఇప్పుడు మాట మార్చాడు. నిన్న వచ్చి, "ఓబులేసూ, నా ఎద్దు ముసలిదైపాయె. కపిలె తోలి నీళ్లు తోడేకి శాతకాదు. నాకూ ఒక మర ఎత్తియ్యప్పా" అన్నాడు. సరేనని మాటిచ్చాను. లండన్‌లో సంతకం కోసం ఈడ పక్క పొలం ఎండాలంటే నాకు మనసొప్పదు. ఇక చూపకూడదనడం మరీ వింత. ఆకాశంలో తిరిగేదాన్ని ఎక్కడ దాచను?

మీ అక్క ఇంకో ప్రశ్న వేసింది. సూడాన్‌లో నీళ్లు తోడేది ఆడవాళ్లా, మగవాళ్లా, వాళ్ల బావులు ఎంత లోతు అని. నాకు తెలియదన్నాను. "తెలీకుండానే వాళ్లకని కడతాండారా?" అంది. కంపెనీకి ఆ ప్రశ్న కూడా రాశాను.

నువ్వు చెప్పినట్టే రాశాను. మర ఎవరైనా కట్టుకోనీయండి, ఎవరైనా చూడనీయండి, ఒక్కో మర కింద మీ పంపే ఉంటుంది, నలుగురు కట్టుకుంటే నాలుగు తీర్ల లోపాలు బయటపడి మీ పరిశోధనే బలపడుతుంది అని. వద్దంటే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి అని చివర్లో రాశాను. మీ అక్క ఆ వాక్యం కొట్టేయించింది.

ఓబులేసు


కర్నూలు,
22-3-1956

బావా,

ఇన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదని బెంగపడి ఉంటావు. నీ ఉత్తరం మద్రాసు నుంచి లండన్ పోయి, అక్కడ ఎవరి బల్ల మీదనో నిద్రపోయి, కోల్‌మన్ దొర తిరిగివచ్చాక లేచింది. షరతు మార్చారు. మర ఎవరైనా కట్టుకోవచ్చు. పంపు మీద హక్కు మాత్రం కంపెనీది. అక్క అడిగినదానికి దొర స్వయంగా రాశాడు. అక్కడ తోడేది ఎక్కువగా ఆడవాళ్లేనట, బావుల లోతు ఒక్కో తావున ఒక్కో తీరట. ఆ దేశపు ఇంజనీరునే ఒకరిని మీ దగ్గరికి పంపుతామంటున్నారు.

రాజధాని హైదరాబాదుకు పోవడం ఖాయమంటున్నారు. మా ఆఫీసు అంతకు ముందే పోతుంది, నేనూ పోతాను. పోయేలోగా మొదటి కంతు డబ్బు నీకు అందే ఏర్పాటు చేశాను. ఏసేపును రేపే కొయ్య కోయమను.

సుంకన్న


కమలాపురం,
5-8-1956

సుంకన్నా,

హైదరాబాదులో ఇల్లు దొరికిందని తెలిసి సంతోషం. నువ్వు లేకుండా జరిగిపోయిన పెద్ద విశేషం నీకు రాయాలి.

మా పొలంలో రెండు మరలు, గిడ్డయ్య మామ బావి మీద ఒకటి, మూడూ లేచాయి. ఆషాఢం గాలి మొదలైన వారంలోనే మావాటిలో ఒకదాని రెక్క బీటవారింది. రెక్కలు లావు చేస్తే బరువెక్కి చిన్నగాలికి తిరగవు, సన్నం చేస్తే పెద్దగాలికి విరుగుతాయి. నేనూ ఏసేపూ తలలు పట్టుకుని కూర్చున్న సమయంలో సూడాన్ ఇంజనీరు వచ్చాడు. పేరు ఉస్మాన్. వరదాచారి గారే వెంటబెట్టుకుని వచ్చారు. నల్లని మనిషి, నవ్వితే పళ్లు తళతళ. మసీదు పెద్దాయన వచ్చి సలాం చెబితే ఇద్దరూ కౌగిలించుకున్నారు. మీ అక్క రొట్టె పెడితే మా ఊళ్లోనూ జొన్నే తింటామన్నాడు. ఊరిబిండి రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మనం వాళ్లకు నేర్పుతామని కదా కంపెనీవాళ్లు పంపింది. ఆయన బీటవారిన రెక్కను చూశాడు, తల ఎత్తి గుడ్డ కట్టిన తీరు చూశాడు. చెప్పులు విడిచి పైకెక్కాడు. ఏసేపు బిగించిన ముళ్లన్నీ విప్పి, ప్రతి గుడ్డ మూలనూ ఒక మెలిక వేసి కట్టాడు. కిందికి దిగి చెప్పాడు. నైలు నదిలో వాళ్ల పడవలకు తెరచాపలుంటాయట. గాలి మామూలుగా ఉన్నంతసేపు ఆ మెలిక పట్టుకుని ఉంటుంది, మీరితే జారి గుడ్డను వదిలేస్తుంది. గాలి దారిన గాలి పోతుంది, కొయ్య నిలుస్తుంది. వాళ్ల నాయన పడవ నడిపేవాడట.

గిడ్డయ్య మామ ఊరుకోడు కదా. "జారిపోతే మల్ల ఎవురు కట్టాల?" అన్నాడు.

మీ అక్క అందుకుంది. "రెక్క ఇరిగితే కొయ్య కొట్టి, చెక్కి, ఎక్కిచ్చేకి నాలుగు దినాలు. ముడి ఏసేకి ఎంతసేపు? ఎక్కి ఏసుకో మామా." వరదాచారి గారు అది చెప్పగానే ఉస్మాన్ గారు పడీ పడీ నవ్వాడు.

ఆయన వెళ్లేముందు గిడ్డయ్య మామ మరకు కూడా ముడి వేయబోతే నేనే వద్దన్నాను. ఒకటి పాత తీరులోనే ఉండాలి, లేకపోతే తేడా ఎలా తెలుస్తుంది? మామ చాలా గొణిగాడు. విరిగితే నా ఖర్చుతో వేయిస్తానన్నాక ఒప్పుకున్నాడు. మొన్న పెద్దగాలి వచ్చింది. మా రెండు మరల గుడ్డలు జారి జెండాల్లా కొట్టుకున్నాయి, కొయ్యకు బీట పడలేదు. మామ మర రెక్క ఊడి ఆయన కందిచేలో పడింది. ఆయన ఒకవైపు తిడుతుంటే, నేను ఆ రెక్క పట్టుకుని పిల్లవాడిలా ఎగిరానట. మీ అక్క చెప్పింది, నాకు తెలియదు.

లండన్‌కు నివేదిక రాశాను. ముడి ఉస్మాన్ గారిదని పేరుతో సహా రాసి, దీనిమీద హక్కు ఎవరికీ లేదని కూడా రాశాను. మీ హెడ్డాఫీసు ఏమంటుందో చూడాలి.

ఊళ్లో దానికి ఉస్మాన్ ముడి అని పేరు పడిపోయింది. బడిలో పిల్లలకు నేర్పుతున్నాను. ఇప్పుడు కమలాపురంలో ఏది కట్టాలన్నా అదే ముడి, మూటలకు, బండ్లకు, తొట్లకు. మీ అక్క అందరికంటే ముందు నేర్చుకుని బర్రెదూడను దానితోనే కట్టింది. దూడ ఒక్క గుంజు గుంజి, జారిన తాడుతో సహా పోయి గిడ్డయ్య మామ జొన్నచేలో పడింది. గుడ్డ వేరు, దూడ వేరు అని ఎంత చెప్పినా వినకుండా, ముడి నేర్పినవాడిదే తప్పంటూ మామతో మాట్లాడ్డానికి నన్ను పంపిస్తోంది. ఉత్తరం ఇక్కడ ఆపి వెళుతున్నాను.

నీ బావ
ఓబులేసు